చప్పుడు లేని మోటారు

ఇల్లు ఊడ్చే మిషను ఏడుపు ఎత్తుకుని నిమిషం కాలేదు, పై వరండాలోంచి కేక వినబడింది.

"సీతాలూ! ఆపించు దాన్ని! ఆపించమంటుంటే!"

సీతాలు బియ్యం చేట కింద పెట్టి పెరటి గది దగ్గరకు పరుగెత్తింది. తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. లోపల కూతురు అపర్ణ ఫొటో కాగితంతో పని చేస్తోంది. తెరిస్తే వెలుతురు పడి కాగితం పాడైపోతుంది కాబట్టి, ఎంత ఆత్రం ఉన్నా కొట్టడమే తప్ప తెరవడం లేదు. మిషను గొంతు జారి, మూలిగి, ఆగింది. ఆ వెనకే పెద్ద కాగితమొకటి గోడ మీంచి జారి నేలమీద పడిన చప్పుడు.

"పోయింది," అంది అపర్ణ లోపల్నించి. గట్టిగా అనలేదు. గట్టిగా అనకపోతేనే సీతాలుకి భయం.

వాసవీకుమారి మెట్లు దిగి వచ్చింది. ఆమె ఇంటి యజమాని శ్యామసుందర్ భార్య. బరంపురం బడా బజార్‌లో వాళ్ళది మిరప, పసుపు వ్యాపారం. వీధి వైపు దుకాణం, పైన వాళ్ళ కాపురం. పెరటి వైపు ఒక వంటిల్లు, ఒక గది సీతాలుకి అద్దెకిచ్చారు.

"అత్తయ్యగారికి కన్నంటుకునేదే ఈ పూట. ఆ టైముకే మీ మిషను ఏడవాలా? గుండె దడదడలాడిపోతోందంటున్నారు. రేపేదైనా అయితే ఎవరిదమ్మా పూచీ?"

ఈ మాటలు చెప్పడానికి వాసవీకుమారి గొంతు పెంచాల్సి వచ్చింది. వీధి వైపు వాళ్ళ కారం మర ఆడుతోంది. పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం భోజనాల దాకా ఆడుతుంది. అంతసేపూ సీతాలు వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతూనే ఉంటాయి. ఆ చప్పుడు పెద్దావిడ గుండెను ఎందుకు ముట్టుకోదో సీతాలుకి అర్థం కాలేదు. అడగనూ లేదు.

"తప్పయిపోనాదమ్మగోరూ," అంది.

అపర్ణ వెలుతురుకి కళ్ళు చికిలిస్తూ బయటికొచ్చింది. చేతులు ఫొటోలు కడిగే హైపో వాసన కొడుతున్నాయి. "వారం రోజులు ఓపిక పట్టండి ఆంటీ. ఇరవయ్యో తారీకుకి ఫొటోలు భువనేశ్వర్ వెళ్ళిపోవాలి. ఆ తరవాత మిషను ముట్టుకోను."

"వారమా! ఇంకొక్కసారి ఈ సౌండు వినబడిందంటే గది ఖాళీ చేసెయ్యండి. ఆయనతో కూడా చెప్పేశాను."

ఆమె వెళ్ళిపోయింది. అపర్ణ కింద పడిన కాగితాన్ని చుట్టి మూలన పెట్టింది. ఆ మూలన అలాంటి చుట్టలు ఇప్పటికే మూడున్నాయి.

ఆ ఫొటోలు అపర్ణ తండ్రి ఢిల్లీశ్వరరావు తీసినవి. స్టూడియోలో ఇతరుల పెళ్ళిళ్ళు కడుగుతూ బతికిన మనిషి, సెలవు దొరికితే గంజాం వెళ్ళి రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట పడవల్నీ, వలల్నీ, చేపల తట్టల్నీ తీసుకునేవాడు. ఆయన పోయాక ఆ ఫిల్ములు బిస్కెట్ల డబ్బాలోనే ఉండిపోయాయి. ఇప్పుడు రవికాంత్ అని భువనేశ్వర్‌లో ఒకాయన పద్నాలుగు ఫొటోలు ఏరి, పెద్ద హాల్లో పెడతానన్నాడు. ఒక్కొక్కటి సగం తలుపంత ఉండాలి. కంప్యూటర్లో కాదు, పాత పద్ధతిలో, చీకటిగదిలో చేత్తో తీసినవే కావాలన్నాడు.

అంత కాగితం చుట్టలుగా వస్తుంది. విప్పితే తేలు తోకలా మళ్ళీ చుట్టుకుంటుంది. గోడకి చదునుగా అంటుకుంటే తప్ప బొమ్మ మూలమూలకీ స్పష్టంగా పడదు. అందుకని అపర్ణ ఒక బల్ల చేసింది. రెండు ప్లైవుడ్ పలకలు, మధ్యలో వేలెడు ఖాళీ, ముందు పలక నిండా వరసగా సూది బెజ్జాలు, వెనకనుంచి ఒక గొట్టం. గొట్టంలోంచి గాలి లాగితే కాగితం పలకకి బల్లిలా కరుచుకుంటుంది. సీతాలు దాన్ని చిల్లుల బల్ల అంటుంది. బల్ల బాగానే కుదిరింది. గాలి లాగేదే కుదరలేదు; ఊడ్చే మిషను లాగుతుంది గానీ ఇల్లంతా వినబడుతుంది.

*

మర్నాడు చేపల తొట్టెల్లో పెట్టే చిన్న మోటారుతో చూశారు. అపర్ణ దాన్ని విప్పి, ఊదేది పీల్చేలా మార్చింది. చప్పుడు ఈగ ముసిరినంత. సీతాలు మొక్కుకుంది కూడా.

కానీ కాగితాన్ని మందునీళ్ళలో తడిపాక బొమ్మ పైకి తేలుతుంటే అపర్ణ నోరు బిగిసింది. రేకు దోనెలో కాగితాన్ని చెరో కొసా పట్టుకుని ముందుకూ వెనక్కూ చుట్టడం సీతాలు పని. ఎర్ర దీపం కింద ఆమెకీ కనబడింది. అంచుల్లో ఇసుక రేణువులు లెక్కపెట్టేలా ఉన్నాయి. నడిమధ్యన వల లాగుతున్న మనుషుల మొహాలు మాత్రం నీళ్ళు నిండిన కళ్ళతో చూసినట్టు అలుక్కుపోయాయి. మధ్యలో కాగితం ఉబ్బింది. చిన్న మోటారుకి దాన్ని పట్టే సత్తువ లేదు.

"మీ నాన్న సూత్తే ఏటనేవోడో," అంది సీతాలు.

"ఇదే అనేవాడు. మళ్ళీ చెయ్యి అని." అపర్ణ కాగితాన్ని వదిలేసింది. "రోలులో ఇంక తొమ్మిదో పదో వస్తాయమ్మా. ఆరు మంచివి అయ్యాయి. ఇంకో రోలు తెప్పించాలంటే నెల పడుతుంది."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ గేట్ బజార్ వెళ్ళారు. అక్కడ కూర్మయ్య పాత ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. సీతాలు పుట్టిన ఊరివాడు. దుకాణం ముందు తలుపులూడిన ఫ్రిజ్జులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అపర్ణ సంగతి చెప్పింది. కూర్మయ్య బీడీ చెవి మీద పెట్టుకుని సాంతం విన్నాడు.

"గాలి ఎక్కువ లాగీదానికి గొంతెక్కువ కోడలా. గొంతు లేనిది కొంచెం కొంచెం లాగుతాది, గాని పట్టిందంటే ఒగ్గదు. నీకేది కావాల?"

"ఒగ్గనిదే మావా. లీకు లేకుండా బల్ల నేను చూసుకుంటాను."

అతను లోపలికెళ్ళి నల్లటి ఇనప కుండలాంటిది మోసుకొచ్చాడు. దాని నెత్తిమీంచి రెండు రాగి గొట్టాలు కొమ్ముల్లా లేచి ఉన్నాయి. చిన్న ఫ్రిజ్జు కంప్రెసరు. వైర్లు తగిలించి మీట నొక్కాడు. ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి, అంతే. సీతాలు అది ఆడలేదనే అనుకుంది.

"అప్పా, ఆ పెద్ద గొట్టం కాడ బొటనేలు ఎట్టు."

"కరెంటు కొడతాదేటి తమ్ముడూ?"

"కొడితే నాను నీ పక్కనే ఉన్నాను కదా, ఇద్దరం పోదాం. ఎట్టు."

పెట్టింది. గొట్టం వేలిని లోపలికి జుర్రుకుంది.

"ఓలమ్మో! ఒగ్గీయమను తమ్ముడూ, ఒగ్గీయమను!"

కూర్మయ్య నవ్వుతూ మీట కట్టేశాడు. అయినా వేలు వెంటనే రాలేదు. లాక్కుంటే, కొసన ఎర్రటి గుండ్రని ముద్ర పడి వచ్చింది. "సూసినావా? ఫ్రిజ్జు డబ్బా తుప్పట్టీసింది, తలుపూడిపోనాది, ఇది మాత్రం నోరెత్తనేదు. ఇలాటి కోడలు ఏ అత్తకీ దొరకదప్పా."

సీతాలు వంగి దానికి చెవి ఆనించింది. ఒక చెవి, తరవాత రెండో చెవి. లోపల ఎక్కడో పిల్లి గుర్రుమన్నట్టుంది. "గేసు ఉంటాది కదేటి దీన్లో? పేల్తాది కదా?"

"గేసు ఎప్పుడో ఎగిరిపోనాది. ఇప్పుడు దీన్లో ఉన్నది నూనె."

"నూనె మండుతాది కదా మరి?"

"అప్పా, నువ్వు ఇంటికాడ పొయ్యి ఎలగ ఎలిగిస్తన్నావు?"

అపర్ణ నవ్వింది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల మొహాన నవ్వు అదే. కూర్మయ్య జాగ్రత్తలు చెప్పాడు. నిలువుగానే ఉంచాలి. రెండో గొట్టం నూనె తుంపర కక్కుతుంది, దానికో సీసా కట్టాలి. ఆపితే వెంటనే మళ్ళీ వెయ్యకూడదు, ఐదు నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వాలి. సీతాలు ప్రతిదానికీ తలాడించింది. తలాడించిన ప్రతిదీ ఆమె లోపల ఒక్కొక్క ప్రమాదమై కూర్చుంది.

రిక్షాలో కంప్రెసరుని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దాని మీద తన చెంగు కప్పింది, ఇంటివాళ్ళ కంట పడకుండా.

*

బుధవారం పొద్దుటంతా బల్లకి లీకులు వెతకడంతో సరిపోయింది. దానికి అపర్ణ కనిపెట్టిన పద్ధతి సీతాలుకి నచ్చింది. మోటారు వేసి, అగరొత్తి వెలిగించి, బల్ల అంచుల వెంబడి మెల్లిగా జరపాలి. లీకు ఉన్నచోట పొగ నిలువుగా లేవకుండా అంచువైపు వంగి లోపలికి పోతుంది. దేవుడి ముందు తిప్పినంత నెమ్మదిగా సీతాలు అగరొత్తి తిప్పింది. "ఇదిగో ఇక్కడ. ఇక్కడోటి." అపర్ణ ఒక్కొక్క చోటా లప్పం ముద్ద అంటించి, కాగితం బయట మిగిలే బెజ్జాల మీద నల్ల టేపు వేసింది. ఆఖరికి పొగ ఎక్కడా వంగలేదు.

కంప్రెసరుని మెట్ల కింద, మడత పెట్టిన బొంత మీద నిలబెట్టి, కొబ్బరిపీచు పరుపు ముక్కలు అంటించిన చెక్కపెట్టె బోర్లించారు. గొట్టాన్ని గోడ బెజ్జంలోంచి చీకటిగదిలోకి తీసుకెళ్ళారు. మోటారు వణుకు బల్లకి అందకుండా గొట్టం మధ్యన సైకిలు ట్యూబు ముక్క అతికారు.

అపర్ణ ఇంకా టేపు కావాలని బజారుకెళ్ళింది. సీతాలు ఒక్కతే గదిలో నిలబడింది. కిటికీలన్నీ మూసి నల్ల గుడ్డలు కొట్టిన గది. బొమ్మ పెద్దది కావాలంటే దాన్ని గోడ మీదికి వేసే ఎన్‌లార్జరుని ఎంత వెనక్కి జరిపితే అంత మంచిదని, తలుపుకున్న నల్ల తెర కూడా తీసేసి దాన్ని తలుపు దాకా నెట్టేసింది పిల్ల. ఇప్పుడు లోపల మందుల ఆవిరి, కరెంటు, దానికి తోడు ఈ కుండ. గేసు ఎగిరిపోయిందని కూర్మయ్య అన్నాడు గానీ, కళ్ళకి కనబడనిది ఎగిరిందో లేదో ఎవడు చూశాడు? పిల్ల లోపల గడియ వేసుకుని స్పృహ తప్పితే? తను బయట తలుపు బాదుతూ, లోపలినుంచి జవాబు రాకుండా...

వంటింట్లోంచి కూరల కత్తి తెచ్చింది. గడియకున్న నాలుగు సీలలూ కత్తి మొనతో తిప్పి, రానివి పెళ్ళగించి తీసింది. చెక్క పాతది, కొంచెం పిండి రాలింది. గడియనీ సీలల్నీ పప్పు డబ్బాలో వేసి మూత పెట్టింది. కూతురికి చెప్పలేదు. అడిగితే అప్పుడు చెప్పొచ్చు అనుకుంది. అపర్ణ అడగలేదు.

రోజూ పదకొండుకి సీతాలు పైకెళ్ళి పెద్దావిడ కాళ్ళకి నూనె రాయాలి. అద్దెకి దిగినప్పుడు ఆ మాట లేదు. ఆవిడ జారిపడి మంచం పట్టాక, ఎవరూ పెట్టకుండానే వచ్చి చేరింది. ఆ రోజు నూనె గిన్నెతో వెళ్తూ, "నాను పైకి ఎల్లినాక మోటారు ఎయ్యి. నాను సెవులొగ్గి వింటాను," అంది కూతురితో.

పెద్దావిడ కళ్ళు మూసుకుని ఉంది. సీతాలు నేలమీద కూర్చుని, పిక్కల మీద నూనె పాముతూ, చెవులు రెండూ నేల కింద పెట్టింది. మర రొద ఉంది. వీధిలో ఆటోలున్నాయి. అరికాళ్ళు నేలకి ఆనించి చూసింది. ఏమీ లేదు. ఇంకో కాలు మొదలుపెట్టింది. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఆమెకి నీళ్ళు తాగినంత హాయిగా ఉంది.

వాసవీకుమారి గుమ్మంలోకి వచ్చింది. "ఏం సీతాలూ, ఇయ్యాల మీ మిషను గోల లేదేంటి?"

ఆడుతోందమ్మా, కొత్తది, చప్పుడు రాదు, అని నాలిక చివరిదాకా వచ్చింది. ఫ్రిజ్జు కంప్రెసరు మెట్ల కింద పెట్టారని తెలిస్తే? పేలుతుందని వీళ్ళకీ అనిపిస్తే? ఈ రోజే సామాను బయట పెట్టిస్తే?

"మానీసినామమ్మగోరూ," అంది. "తవరు వొద్దన్నాక ఇంకెందుకని."

"మంచి పని చేశారు." వాసవీకుమారి నిజంగానే సంతోషపడింది. సీతాలుకి ఆ పూట అరటిపళ్ళు కూడా ఇచ్చింది.

కిందికొచ్చి తలుపు మూశాక, అపర్ణ కాగితం బల్లకి అంటించి, బొమ్మ వేసి, దోనె ముందు నిలబడి పిలిచింది. "బేగి రామ్మా, పట్టుకో." ఇద్దరూ చెరో కొసా పట్టి చుట్టారు. పడవ అంచు తేలింది, తరవాత తాళ్ళు, తరవాత మనుషులు. నడుమన ఉన్నవాడి కనుబొమ్మల మీద ఎండిన ఉప్పు కూడా కనబడింది. అపర్ణ భూతద్దంతో ఒక మూలనుంచి ఇంకో మూలకి వెళ్ళి, మళ్ళీ మధ్యకొచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఏటే? పోనాదా?"

"లేదమ్మా," అంది అపర్ణ. "నాన్న నిల్చున్నచోట నేను నిల్చున్నట్టుంది."

*

శుక్రవారానికి ఏడు పూర్తయ్యాయి. గురువారమంతా కరెంటు వస్తూ పోతూ ఉండడంతో ఒకటి రెండు కాగితాలు పాడవడమే గానీ ఏమీ కాలేదు. ఇంకా ఏడు మిగిలాయి, మూడు రోజులున్నాయి. సీతాలు పైకెళ్ళే ఆ అరగంట మామూలుగా అపర్ణ కాగితం బయటికి తియ్యదు. ఆ రోజు టైము కలిసొస్తుందని, ఉన్న రోలంతా విప్పి ఏడు ముక్కలూ ఒకేసారి కోసి ఉంచుతానంది. ఒకటి బల్లకి అంటించి చూస్తానంది.

"నాను వొచ్చేదాకా ఆగరాదా?"

"కొయ్యడానికి నువ్వెందుకమ్మా?"

అదీ నిజమే అనుకుంది సీతాలు. తలుపు దగ్గర కాసేపు కూర్చుంది. ఇంకా పది కాలేదు, వాసవీకుమారి పిలిచింది. "సీతాలూ, ఇయ్యాల కాస్త ముందే రా. అత్తయ్యగారు నొప్పులంటున్నారు." గొంతు మెత్తగా ఉంది. సీతాలు గిన్నె పట్టుకుని వెళ్ళింది. మెట్ల మీద వాసవీకుమారి ఎదురై, దారిచ్చి, కిందికి దిగింది.

పెద్దావిడ మెలకువగానే ఉంది. నొప్పుల మాట ఎత్తలేదు. కొంతసేపు సీతాలు చేతుల్నే చూసింది.

"ఏటే సీతాలూ, మీ మిషను పాడైపోయిందా?"

"లేదమ్మగోరూ. ఆపీసినాం. తవరికి నిద్దర పట్టడం నేదని."

"నాకా? నాకు నిద్రెక్కడిదే! ఎవరన్నారు?"

సీతాలు చెయ్యి ఆగింది.

"నేనేం అనలేదే," అంది పెద్దావిడ. "పొద్దున్న తలుపు దగ్గరగా వేసి పోతారు, నువ్వొచ్చే అరగంట తప్ప మళ్ళీ అన్నానికే తెరుస్తారు. మర ఒకటే రొద, దానికి ప్రాణం లేదు. మీదైతే లేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎవరో మనిషి ఏదో పని చేసుకుంటున్నట్టుండేది. ఆగినప్పుడల్లా అనుకునేదాన్ని, ఇదిగో మళ్ళీ మొదలెడతారు అని." ఆవిడ పెదాలు తడుపుకుంది. "అయినా వెళ్ళిపోతున్నారంటగా. మా వాసవికి ఆ గది బస్తాలకి కావాలంట. వడ్రంగిని ఇయ్యాలే రమ్మన్నాడు మావాడు, బల్లలు వేయించడానికి."

సీతాలు నూనె చేతులు చెంగుకి తుడుచుకోను కూడా లేదు. మెట్లు దిగుతుంటే కాలు జారి, గోడ పట్టుకుంది. గోడ మీద నూనె వేళ్ళు పడ్డాయి.

పెరటి గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఎండ గుమ్మం దాటి, ఎన్‌లార్జరు మీంచి, ఎదురు గోడదాకా తిన్నగా పడుతోంది. లోపల ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది గానీ ఎండలో వెలవెలబోతోంది. ఒక వడ్రంగి టేపు పట్టుకుని గుమ్మంలోనే నిలిచిపోయాడు. పక్కన వాసవీకుమారి. గది మధ్యలో అపర్ణ, చేతిలో కాగితం కోసే బ్లేడు. చిల్లుల బల్ల మీద తెల్లకాగితం ఒకటి, ముడతన్నది లేకుండా, అంటుకుని ఉంది. మిగతావి నేలమీద పరిచిన గుడ్డ మీద, ఒకదాని మీద ఒకటి, పైన పలక బరువుతో.

"చెప్తే వినదే," అంటోంది వాసవీకుమారి. "నేనేం ముట్టుకోలేదు. అన్నీ శుభ్రంగా తెల్లగానే ఉన్నాయిగా! ఏం పాడైందని అలా చూస్తావు?"

నిజంగానే కాగితాలు తెల్లగా ఉన్నాయి. పాడైనట్టు ఎక్కడా కనబడలేదు. అపర్ణ బల్ల మీద కాగితం మూలని గోరుతో లేపి, ఊడదీసి, ఆ ఎండలోనే దోనెలో మందునీళ్ళలో ముంచింది. ఒక చేత్తో కొస పట్టుకుని మరో చేత్తో చుట్టింది. ఇద్దరు చేసే పని ఒక్కతే చేసింది. కాగితం ముందు బూడిదరంగుకి తిరిగింది. తరవాత అంచు నుంచి అంచుదాకా, మసి పూసినట్టు, నల్లబడిపోయింది. దాన్ని నీళ్ళు కారుతుండగా పైకెత్తి వాసవీకుమారికి చూపించింది.

వడ్రంగి టేపు లోపలికి చుట్టుకున్నాడు.

"అన్నీ అలాగే అవుతాయా?" అంది వాసవీకుమారి కొంచెం తగ్గి. వెంటనే సర్దుకుంది. "నాకేం తెలుసు? సౌండు లేదు, ఏం లేదు. లోపల మనిషున్నట్టు ఎలా తెలుస్తుంది? మిషను మానేశామని సీతాలే కదా చెప్పింది! ఏం సీతాలూ, చెప్పలేదూ?"

అపర్ణ తల్లి వైపు తిరిగింది. సీతాలు నూనె చేతులు చెంగులో చుట్టుకుంది.

"పైగా లోపల గడియైనా ఉండొద్దూ ఆడపిల్ల ఉన్న గదికి? లాగగానే వచ్చేసింది తలుపు. గడియ లేకుండా మీరు పని చేసుకుంటూ, తప్పు నాదంటే ఎలాగ?"

తలుపు లోపలివైపు నాలుగు బెజ్జాలు. ఎండ వాటిమీదే పడుతోంది. అపర్ణ వాటికేసి చూసింది. తల్లి కేసి చూడలేదు.

"గడియ నేనే తీసేశానాంటీ," అంది. "తుప్పు పట్టింది."

"చూశావా మరి!" అంది వాసవీకుమారి, వడ్రంగితో.

*

వాళ్ళు వెళ్ళాక సీతాలు దోనె అంచు పట్టుకుని నిలబడింది.

"నీకెప్పుడు తెలిసినాది?"

"మొదటి రోజే. చీకట్లో చెయ్యి పెడితే సీలలు లేవు."

"మరడగనేదేటి?"

"అడిగితే మళ్ళీ పెట్టేదానివి. పెట్టి, నిమిషానికోసారి తలుపు బాదేదానివి, అమ్మీ ఉన్నావా అని." అపర్ణ నల్ల కాగితాన్ని పిండకుండా నేలమీద వదిలేసింది. "నువ్వు గుమ్మంలో ఉంటావు కదా అనుకున్నాను."

బ్లేడు మూసి పక్కన పెట్టింది. "మానేశామని ఎందుకు చెప్పావమ్మా?"

"బయమేసినాది."

"దేనికి?"

సీతాలు ఆలోచించింది. కుండ పేలుతుందని. ఇల్లు పోతుందని. అరుస్తారని. ఏదని చెప్పాలి? పెద్దావిడ అన్న మాటలు చెప్పింది. ఆవిడ ఏనాడూ వద్దనలేదని, గది బస్తాలకని. అపర్ణ విని, తల ఊపింది. "అయితే చప్పుడు లేని మోటారు కోసం మనం ఊరంతా తిరగక్కర్లేదన్నమాట," అంది. నవ్వలేదు.

పలక బరువు కింద, అన్నిటికన్నా అడుగున ఉన్న ఒక్క కాగితం మాత్రం బతికి ఉండొచ్చని సాయంత్రం తేలింది. కొస ముక్క కత్తిరించి ముంచితే తెల్లగానే నిలిచింది. అపర్ణ రవికాంత్‌కి ఫోన్ చేసింది. సీతాలుకి ఒకవైపు మాటలే వినబడ్డాయి. "ఎనిమిది సార్... లేదు, మిషను పాడైంది... లేదు సార్, ఈ నెలలో కాగితం దొరకదు... అలాగే." ఫోన్ పెట్టేసి చెప్పింది. ఎనిమిదే అయితే హాలు నిండదట. హాలు వేరేవాళ్ళకిస్తారు. వీటిని మెట్ల పక్క వరండాలో పెడతారట.

మిగిలిన ఏడు ఫిల్ముల్నీ అపర్ణ దీపానికెదురుగా పట్టి తల్లికి చూపించింది. ఒకటే వస్తుంది. ఏది చెయ్యమంటావంది.

"నన్నడక్కే," అంది సీతాలు. "నాను సెయ్యి ఎట్టిందల్లా సూసినావు కదా."

శనివారం పొద్దున్న గడియ మళ్ళీ బిగించబోయారు. కత్తితో పెళ్ళగించిన బెజ్జాలు వెడల్పై, సీల తిరుగుతుందే గానీ పట్టదు. అగ్గిపుల్లలు కుక్కి చూసినా పట్టలేదు. సీతాలు పీట తెచ్చి గుమ్మం బయట వేసింది. తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చుంది. "ఎయ్యి మోటారు," అంది. వేసినట్టు ఆమెకి వినబడలేదు. పక్కన పాకుతున్న గొట్టం మీద అరచెయ్యి పెట్టింది. సన్నగా, ఆగకుండా, అదిరింది.

పదకొండయింది.

"సీతాలూ," అని పిలిచింది వాసవీకుమారి వరండాలోంచి. నిన్న ఏమీ జరగనట్టే ఉంది గొంతు.

సీతాలు కళ్ళు ఎప్పట్లాగే నూనె గిన్నె కోసం వెతికాయి. లేవడానికి చెయ్యి నేల మీద ఆనింది కూడా. ఆనిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నాను రాను," అంది.

"ఏంటీ?"

"రానమ్మగోరూ."

మర రొదలో వాసవీకుమారి ఏదో అంది, కొన్ని మాటలే తెలిశాయి. నెలాఖరు అని ఒకటి. విశ్వాసం అని ఒకటి. తరవాత పై తలుపు గట్టిగా పడింది.

కాసేపటికి మర ఆగింది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి సన్నటి గొంతు. వాసవీకుమారిది కాదు. "సీతాలూ... ఓ సీతాలూ... రాలేదేమే?"

సీతాలు కళ్ళు మూసుకుంది.

"అమ్మా," అంది తలుపు లోపల్నించి అపర్ణ. "వెళ్ళమ్మా. పాపం ఆవిడేం చేసింది?"

"నువ్వు పని సూసుకో."

"నేను జాగ్రత్తగా ఉంటాలే."

"సూసుకోమన్నానా?"

పైన పెద్దావిడ మళ్ళీ పిలిచింది, కోపంగా కాదు, దారి తప్పినవాళ్ళు పిలిచినట్టు. ఇంకోసారి పిలిచింది. సీతాలు నూనె అంటని చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలుపుకి ఇంకొంచెం గట్టిగా ఆనుకుంది. నాలుగోసారి పిలుస్తుందని చూసింది. పిలవలేదు.